సరిహద్దు తెలుగువారికి స్పానిష్ భాష ఏల?

మన పిల్లలకు స్పానిష్ భాష నేర్పవలెనన్న మాట ఎత్తినంతనే మన పెద్దలలో పలువురు నవ్వుదురు. "తెలుగు ఇంటి గడప దాటుట లేదు. బడిలో మరాఠీ, బజారులో హిందీ, కొలువునకు ఇంగ్లీషు. అడవి దారి పట్టితిమా, గోండీ. ఇన్నిటి నడుమ ఏడు సముద్రముల ఆవలి భాష మనకెందుకు?" అని వారి ప్రశ్న. ప్రశ్న సమంజసమైనదే, నవ్వు మాత్రము సమంజసము కాదు. ఆ ప్రశ్నకు ఓపికతో సమాధానము చెప్పి, ఆ నవ్వునకు గట్టిగా ఎదురు చెప్పదలచితిని.

నా వాదము రెండు ముక్కలలో ఇది. బామ్నిలోని తెలుగు బిడ్డ స్పానిష్ నేర్వగలదు, నేర్వవలెను. అయితే ఆ దారి తెలుగు అక్షరముల మీదుగా పోవలెను. తెలుగు వ్రాతను వదలి విదేశభాష పట్టుకొందమనువారితోను, తెలుగు ఒక్కటి చాలును మరేమియు వలదనువారితోను నాకు సమానముగనే పేచీ కలదు.

మొదట భాషల బరువు సంగతి. మన సిరొంచ సీమ 1860లో నిజాము చేతినుండి ఆంగ్లేయుల చేతికి పోయినది. 1956లో మధ్యప్రదేశము నుండి బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రమునకు చేరినది. 1982లో చంద్రపురము జిల్లా నుండి విడివడి గడ్చిరోలి జిల్లాలోనిదైనది. ఇన్నిమారులు గీతలు కదలినవి. మన ఇండ్లు ఉన్నచోటనే ఉన్నవి. గీత కదలినప్పుడెల్ల మనవారు ఒక క్రొత్త భాష నేర్చిరి, పాతది విడువలేదు. ఇంటిలో అమ్మతో ఒక భాష, పంతులుతో ఒక భాష, సంతలో మరియొక భాష మాటాడు పదేండ్ల బిడ్డను చూచి మనము జాలిపడుదుము. ఒకే భాష వచ్చినవాడు రెండవ భాషకై పడు పాట్లు చూచినచో ఆ జాలి గర్వముగా మారును. ప్రతి వస్తువునకు రెండు మూడు పేర్లుండునని, ప్రతి భాష తన వాక్యమును తన రీతిగా పేర్చుకొనునని మన బిడ్డకు పుట్టుకతోనే తెలియును. భాష నేర్చువానికి మొదట కావలసిన జ్ఞానము అదియే.

ఈ మాట నమ్మనివారు గోదావరి ఆవలి గట్టువైపు ఒక్కసారి చూడవలెను. కాళేశ్వరము నేడు మంథని నియోజకవర్గములోనిది. ఆ మంథని నుండి 1957 మొదలు 1977 వరకు శాసనసభ్యులుగా నుండినవారు పాములపర్తి వేంకట నరసింహారావుగారు. వారు న్యాయశాస్త్ర పట్టము నాగపురమున పుచ్చుకొనిరి. విశ్వనాథవారి 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' అను పేర హిందీలోనికి తెచ్చిరి. హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితము'గా తెలుగు చేసిరి. 1984లోను 1989లోను విదర్భలోని రాంటెక్ నుండి లోకసభకు ఎన్నికైరి. తెలుగు, మరాఠీ, హిందీ, ఉర్దూ, సంస్కృతము, ఇంగ్లీషు చాలవన్నట్లు స్పానిష్ కూడ నేర్చి మాటాడిరి. ప్రధానమంత్రి పదవి వచ్చినందున వారికి భాషలు రాలేదు. పదవికి ముందే పల్లెలో మొదలైన అలవాటు అది. తెలుగు, మరాఠీ, ఉర్దూ కలిసిన నేలపై పెరిగినవానికి ఏడవ భాష బరువు కాదనుటకు మన ఏటి ఆవలి గట్టుననే సాక్ష్యము కలదు. మరి ఈవలి గట్టున మనము బరువు బరువని మూలుగుట ఏమి న్యాయము?

రెండవ వాదము మరింత మోసకరమైనది. "స్పానిష్ నేర్వవలెనన్నచో ముందు ఇంగ్లీషు బాగుగా రావలెను, ఆ పుస్తకములన్నియు ఇంగ్లీషులోనే ఉన్నవి" అందురు. పుస్తకముల మాట కొంత నిజము. కాని ఇంగ్లీషు మీదుగా స్పానిష్‌కు పోవుట సిరొంచ నుండి కాళేశ్వరమునకు నాగపురము మీదుగా పోవుట వంటిది. తెలుగు అక్షరముల నుండి నేరుగా పోయినచో ఎంత దగ్గరయో చూడుడు.

స్పానిష్‌లో అచ్చులు అయిదు: అ, ఎ, ఇ, ఒ, ఉ. వ్రాసినది వ్రాసినట్లు పలుకుదురు. ఇంగ్లీషులో ఒకే అచ్చు గుర్తు నాలుగు విధముల పలుకునని బిడ్డను బెత్తముతో నేర్పవలెను. ఇచట ఆ బాధ లేదు. వారి త, ద లు మన త, ద ల వలె పండ్లను తాకి పలుకునవి. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాడు వానిని ట, డ లుగా పలికి తన నాలుక తానే చెడగొట్టుకొనును. వారి ప, క లలో ఒత్తు లేదు. ఇంగ్లీషువాని నోట మాత్రము పదాదిని గాలి తన్నుకొని వచ్చును.

ఇంకొక విచిత్రము. మన వర్ణమాలలో 'ఞ' అక్షరమును చూచి పిల్లలు "ఇది దేనికి పనికివచ్చును?" అని అడుగుదురు. స్పెయిన్ దేశమునకు ఆ దేశీయులు పెట్టుకొన్న పేరే 'ఎస్పాఞ'. బాలుడు అనుటకు 'నీఞొ' అందురు. ఈ ధ్వనికై వారు ఒక ప్రత్యేకమైన అక్షరమునే ఏర్పరచుకొని దానిని తమ భాషకు చిహ్నముగా భావింతురు. మనము అక్కరలేదని మూలకు నెట్టిన అక్షరము వారికి జెండా వంటిది! అట్లే వారికి రేఫలు రెండు. 'పెరొ' అనగా 'కాని'. 'పెఱ్ఱొ' అనగా కుక్క. మన శకటరేఫమును వాడుకలోనుండి తొలగించి సంతసించితిమి. ఆ ఱకారమును అదరగొట్టి పలుకుట వచ్చిన ముసలివారు ఇంటనుండినచో వారే మొదటి గురువులు.

వ్యాకరణమునకు వత్తము. తెలుగులో 'మాటాడుదును' అన్న చాలును, 'నేను' అననక్కరలేదు. క్రియ చివరనే కర్త కూర్చుండియున్నాడు. స్పానిష్‌లోను అంతే: ఆబ్లొ అనగా మాటాడుదును, ఆబ్లస్ అనగా మాటాడుదువు. 'నాకు మామిడిపండు ఇష్టము' అని మనము అందుము. ఇష్టపడువానిని కర్తగా చేయము. వారును 'మె గుస్త ఎల్ మాంగొ' అందురు; 'మె' అనగా 'నాకు'. నీవు, మీరు అను భేదము ఇంగ్లీషులో నశించినది. స్పానిష్‌లో 'తూ', 'ఉస్తేద్' అని నిలిచియున్నది. ఆ 'ఉస్తేద్' అను మాట 'తమ దయ' అను అర్థము గల పాత గౌరవవచనము అరిగి ఏర్పడినది. మన 'తమరు' వలె మ్రొక్కుబడి గలది. 'ఉండు' అను అర్థమున వారికి క్రియలు రెండు, అది నేర్చువారికెల్ల తలనొప్పి. మనకు సగము సులువు. 'ఈమె నా చెల్లెలు' అన్నప్పుడు తెలుగులో క్రియయే అక్కరలేదు; అచట వారు 'సేర్' వాడుదురు. 'ఈమె ఇంటిలో ఉన్నది' అన్నప్పుడు మనకు క్రియ కావలెను; అచట 'ఎస్తార్' వాడుదురు. ఈ సూత్రము అన్ని చోట్లను పారదు గాని, గడప దాటించుటకు చాలును.

కష్టములు లేవని నేననను. నామములన్నిటికి పుంస్త్రీ భేదము కలదు; బల్ల ఆడుది, పుస్తకము మగది. తెలుగువానికి ఇది వింత. కాని మన పిల్లలు చదువుచున్న మరాఠీలో లింగములు మూడు! మూడింటిని బడిలో మ్రింగిన బిడ్డ రెండింటికి జడియునా? మన విభక్తులు మాటకు వెనుక వచ్చును, వారివి ముందు వచ్చును. క్రియారూపములు చాల, కొన్ని దారి తప్పినవి. ఇవి అభ్యాసముతోనే రావలెను. అయినను తెలుగు ధ్వని, తెలుగు క్రియ, మరాఠీ లింగము కలిసిన నోరు ఎంతో పట్టణపు ఇంగ్లీషు బడి పిల్లకు లేదు. బామ్ని బిడ్డకు కలదు. ఉన్న ధనమును లేమి యని లెక్కించుట మనకే చెల్లినది.

స్పానిష్ మాటలు మనకు బొత్తిగా పరాయివి అనువారికి ఒక చిన్న పట్టిక చూపుదును. అరబ్బులు 711లో స్పెయిన్‌లో అడుగుపెట్టిరి. వారి చివరి రాజ్యము 1492లో పడిపోయినది. ఆ ఎనిమిది వందల ఏండ్లలో అరబ్బీ మాటలు వేలకొలది స్పానిష్‌లో చేరినవి. ఇచట దక్కను సుల్తానుల కాలమున పారసీ, ఉర్దూల ద్వారమున అరబ్బీ మాటలు తెలుగున చేరినవి. కనుకనే మన 'ఫలానా' వారికి 'ఫులానొ'. మన 'కిరాయి' వారికి 'అల్కిలేర్'. మన 'దివాణము' వారి సుంకపు ఠాణాకు పెట్టిన 'అద్వాన' అను పేరులో దాగియున్నది. సంతలో ధాన్యము తూచు 'క్వింటాలు' వారికి 'కింతాల్'. మన దేశము నుండి బయలుదేరి అరబ్బుల చేతిమీదుగా అచటికి పోయిన మాటలు మరికొన్ని: నారింజ వారికి 'నరాన్‌హ', చక్కెర 'అసూకర్', చదరంగము 'అహెద్రేస్'. మన శూన్యమును అరబ్బులు 'సిఫ్ర్' అని తమ భాషలో చెప్పుకొనిరి. దానినుండి వారి 'సేరొ' వచ్చినది. ఇక బుడతకీచుల వలన మనకు వచ్చిన తువాలు, బొత్తాములకు స్పానిష్‌లో 'తోఆయ', 'బొతోన్' అని దాయాదులు కలవు. ఇన్ని చుట్టరికములు గల ఇంటిని పరాయి ఇల్లనుట ఎట్లు?

మూడవ వాదము సంస్కృతిని గూర్చినది. "వారిది ఎద్దుల పోరు, గిటారు, నాట్యము, మనకేమి సంబంధము?" అందురు. ఆ సంస్కృతిని బొమ్మల కాగితము మీద చూచినవారి మాట ఇది. స్పానిష్ ఇరువది దేశములకు అధికారభాష. సుమారు 50 కోట్లమందికి మాతృభాష. వీరిలో స్పెయిన్ వాసులు పదింట ఒకవంతైన లేరు. అత్యధికులు మెక్సికో నుండి చిలీ వరకు వ్యాపించిన అమెరికా ఖండవాసులు. వారి పొలమునకు మన పొలమునకు నడుమ గల సంబంధము చూడుడు. మన మిరప, టమాట, మొక్కజొన్న, వేరుసెనగ, జామ, బొప్పాయి, సీతాఫలము, పొగాకు అన్నియు ఆ ఖండమునుండి వచ్చినవే. టమాట యను మాట మెక్సికో ఆదివాసుల నహువాత్ల్ భాషది. స్పానిష్ నోటినుండి లోకమునకెల్ల ప్రాకినది. మన జిల్లానుండి ఏటేట తెలంగాణమునకు మిరప ఏరుటకు పోవు కూలీల బ్రతుకు ఆ మెక్సికో కాయ మీదనే ఆధారపడియున్నది. వారు మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, రాతిమీద నూరి రొట్టె చేయుదురు. మన జొన్నరొట్టెను, సన్నికల్లును ఎరిగిన తల్లికి ఆ వంటిల్లు అపరిచితము కాదు.

బంతిపువ్వు సంగతి ఇంకను చిత్రము. బతుకమ్మలో మనము పేర్చు బంతి మెక్సికోలో పుట్టినది. నవంబరు 1, 2 తేదీలలో అచటివారు గతించిన పెద్దలను తలచుకొని, బంతిపూలు పరచి, వారికి ప్రియమైన వంటలు ఉంచి, సమాధులకడ దీపములు పెట్టుదురు. మన ఎంగిలిపూల బతుకమ్మ మొదలగునది పెత్రమాస నాడు. పెద్దలకు బియ్యమిచ్చు రోజునే. ఒకే పువ్వుతో, పెద్దలను తలచు దినమున, రెండు జాతులు ఇంటిని అలంకరించుకొనుచుండగా, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండుట లోటు కాదా?

అయితే ఈ చుట్టరికమును తలచి మురిసిపోయి ఊరకుండుట నాకు ఇష్టము లేదు. స్పానిష్ భాష అమెరికా ఖండమునకు ప్రేమతో పోలేదు; కత్తితో పోయినది. నహువాత్ల్, కెచువ, మాయా భాషలు మాటాడువారి రాజ్యములు కూలినవి. ఇదియు ఆ సంస్కృతి చరిత్రయే. దీనిని దాచి పాటలు మాత్రము నేర్పుట పిల్లలను మోసగించుట. మనవంటి అల్పసంఖ్యాకులు ఆ చరిత్రలో నేర్వవలసినది ఇచటనే కలదు. పరాగ్వే దేశమున ఆదివాసుల గ్వారనీ భాష నశింపలేదు. ఆదివాసులు కానివారు సైతము దానిని ఇంటిభాషగా మాటాడుదురు. 1992 రాజ్యాంగము దానిని స్పానిష్‌తో సమానముగా అధికారభాష చేసినది. పెరూ 1975లో కెచువకు అధికార హోదా ఇచ్చినది. స్పెయిన్‌లోనే కతలాన్ భాషను ఫ్రాంకో నియంతృత్వకాలమున, 1939 మొదలు 1975 వరకు, బడులనుండి కచేరీలనుండి వెళ్ళగొట్టిరి. కతలాన్ తల్లులు దానిని ఇంటిలో కాపాడిరి. 1978 రాజ్యాంగము తలుపు తెరచినది. 1983 నాటి చట్టముతో అది మరల బడిలో అడుగుపెట్టినది.

ఈ కథలో మనము ఎవరము? మహారాష్ట్రమున మనము కతలాన్‌ల వంటివారము, ఇంటిభాషను కాపాడుకొనవలసినవారము. కాని గోండీ, మాడియా మాటాడు ఇరుగుపొరుగువారి యెదుట మనము ఎవరము? వారి భాషను మొరటుదని మన ఇండ్లలో ఎన్నిమారులు అనలేదు? తెలుగునకు న్యాయము కోరు నోటితో గోండీని పరిహసించువానికి పరాగ్వే కథ చెంపపెట్టు. పరాయి సంస్కృతిని చదువుటవలన లాభమేమని అడుగుదురు గదా, మన ముఖము మనకు కనబడుటయే మొదటి లాభము.

నాలుగవ వాదము కూటిది. "ఉద్యోగము వచ్చునా?" వచ్చునని ప్రమాణము చేయువాడు అబద్ధీకుడు. కాని తలుపులు కలవు. బార్సెలోనాలో 1920లో పుట్టిన విసెంతె ఫెర్రెర్ 1952లో మన దేశమునకు వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులనడుమ పనిచేసిరి. 1968లో దేశము విడువవలసివచ్చినది. 1969లో తిరిగివచ్చి అనంతపురమున స్థిరపడి, గ్రామీణాభివృద్ధి సంస్థను నెలకొల్పి, 2009లో కన్నుమూయువరకు అచటనే యుండిరి. బావులు, ఇండ్లు, బడులు, ఆసుపత్రులు ఆ కరవు సీమలో లేచినవి. స్పెయిన్ కుటుంబములు పంపిన విరాళములు దానికి ఆధారము. ఆ పనిలో తెలుగు పల్లెల యువకులు స్పానిష్ నేర్చి దుబాసీలైరి, అనువాదకులైరి. అనంతపురపు రైతుబిడ్డకు సాధ్యమైనది ప్రాణహిత ఒడ్డున ఉన్నవానికి ఏల సాధ్యము కాదు? హైదరాబాదులోని ఆంగ్ల విదేశీ భాషల విశ్వవిద్యాలయమున స్పానిష్ బోధన కలదు. స్పెయిన్ ప్రభుత్వము 1991లో స్థాపించిన సెర్వాంతెస్ సంస్థ 2009లో ఢిల్లీలో శాఖ తెరచినది. వారి 'దెలె' పరీక్షలకు ఆరు అంచెలు. మొదటి అంచె సామాన్య విద్యార్థికి అందనిది కాదు.

ఇక చేయవలసిన పని. మన సంఘములు ఏటేట సభలు జరిపి, తెలుగుతల్లికి దండ వేసి, విందు భుజించి ఇండ్లకు పోవుచున్నవి. శుభలేఖ చదువలేని తెలుగు బిడ్డ ఆ సభలోనే కూర్చుండి చప్పట్లు కొట్టుచున్నది. ఇది సిగ్గుచేటు. భారత రాజ్యాంగమున 1956లో చేర్చబడిన 350ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని ప్రతి రాష్ట్రమును, స్థానికాధికారులను ఆదేశించుచున్నది. ఆ హక్కును అర్జీ వ్రాసి అడుగవలెను. అడుగుచునే, జవాబు వచ్చువరకు చేతులు ముడుచుకొనక, ఆదివారము రెండు గంటలు ఒక అరుగు మీద పిల్లలను కూర్చుండబెట్టవలెను.

మొదటి గంట తెలుగు వ్రాత. రెండవ గంట స్పానిష్. మొదటి నెల ధ్వనులు మాత్రమే. ఞ, ఱ, అయిదచ్చులు, తెలుగు లిపిలో వ్రాసి చదివింపవలెను. రెండవ మూడవ నెలలలో ఇంటి వస్తువులు, బంధువుల వావులు, అంకెలు, తిండి, పంట, సంత. సుమారు మూడువందల మాటలు, వర్తమానకాలపు క్రియలు. ఆపైన వారి లిపిలో చదువు. తెలుగు లిపి నిచ్చెన. మేడ ఎక్కిన పిమ్మట దానిని పట్టుకొని వ్రేలాడరాదు. దినమునకు పావుగంట వినవలెను; నేడు చేతిఫోనులో మెక్సికో, స్పెయిన్ దేశముల వార్తలు, పాటలు, పిల్లల కథలు ఉచితముగనే దొరకును. గురువు ఎక్కడనుండి వచ్చునని ఎదురుచూడక, పెద్ద విద్యార్థులు ఇద్దరు ఒక మెట్టు ముందు నేర్చి చిన్నవారికి నేర్పవలెను. సంవత్సరాంతమున ప్రతి బిడ్డ మూడు పుటలు వ్రాయవలెను: తన ఊరిని గూర్చి ఒకటి తెలుగున, ఒకటి మరాఠీలో, ఒకటి స్పానిష్‌లో. ఆ మూడును వచ్చు సంచికలో అచ్చు వేయుదము.

సెర్వాంతెస్ 'దోన్ కిహోతె' మొదటి భాగము 1605లో, రెండవది 1615లో వెలువడినవి. అందు సాంచొ పాన్స అను పల్లెటూరివాడు అడుగడుగున సామెత చెప్పును. పండితుడైన యజమాని విసుగుకొనును. పాఠకుడు మాత్రము పల్లెటూరివానినే ప్రేమించును. సామెత లేక నోరు మెదపని మన ముసలివారిని ఎరిగిన బిడ్డ ఆ పుస్తకమును ఒకనాడు మూలములో చదివినచో, సాంచొను తన తాతగా గుర్తుపట్టును. ఆ దినము రావలెనన్నచో, ఆ తాత సామెతలను ముందు తెలుగున వ్రాసికొనుట ఆ బిడ్డకు వచ్చియుండవలెను. వచ్చు ఆదివారమే పలక పట్టింపుడు.